రాత్రి వినోదము - పొరుగువాని నిద్ర

సూర్యుడు గ్రుంకిన తరువాత ఆరు నాళికలు గడచినంతనే నగరమునందు తూర్యము మ్రోగవలెను. తెల్లవారుటకు ఆరు నాళికల ముందు అది మరల మ్రోగవలెను. ఈ రెండు తూర్యనాదముల నడుమ అకారణముగా వీథులలో తిరుగువారు దండనార్హులు. నడిరేయి తిరుగువారికి దండన రెట్టింపు. కౌటిల్యుని అర్థశాస్త్రము నాగరికుడను పురపాలకునకు ఏర్పరచిన విధి యిది. నాళిక యనగా నేటి లెక్కలో 24 నిమిషములు. కావున రాత్రి సుమారు ఎనిమిదిన్నర గంటలకే ఊరు సద్దుమణగవలెనన్నమాట. ఆ గ్రంథముననే సురాధ్యక్షుడను మరియొక అధికారి కలడు. మద్యశాలలు ఒకచోట గుమిగూడకుండ చూచుట, వానిలో వేర్వేరు శయ్యలును, ఆసనములును, గంధమాల్యములును, నీరును అమర్చించుట, ఉత్సవములకును యాత్రలకును నాలుగు దినములు మాత్రము మద్యమునకు ప్రత్యేకానుమతి నొసగుట ఆ శాఖకు సంబంధించిన నియమములు. పరదేశమునుండి వచ్చి ఆటపాటలు ప్రదర్శించువారు ఐదు పణములు రుసుము చెల్లింపవలెనని గ్రంథమున వేరొకచోట కలదు.

నేడు ఏ నగరపాలక సంఘమైనను రాత్రి వినోదశాలకు అనుమతి నిచ్చునపుడు యోచించు విషయములన్నియు ఇందు కనబడుచున్నవి: వేళ, చోటు, సంఖ్య, తాత్కాలికానుమతి, రుసుము. లేనిదొక్కటే. మద్యశాల గోడకు ఆవలిప్రక్క మంచముపై నిద్రపట్టక పొరలుచున్న మనుష్యుని ప్రసక్తి అందు లేదు. పనివారు పని చెరచుకొందురని, పెద్దలు మర్యాద మీరుదురని, తీక్ష్ణస్వభావులు దుడుకుపనులకు పాల్పడుదురని కౌటిల్యుడు శంకించెను. శాలలో ఎవరు ఎంత వ్యయము చేయుచున్నారో కనిపెట్టుటకు గూఢచారులను నియమించెను. రాజ్యశాంతికిని కోశమునకును అందు చోటు కలదు, నిద్రపోవువానికి లేదు. ఆ నిద్రపోవువాడు చట్టములోనికి ఎట్లు ప్రవేశించెను, ఎంత ఆలస్యముగా ప్రవేశించెను అనునదియే నేడు మనము విచారింపబోవు విషయము.

ఈ తగవు అన్నిచోట్లను అన్ని కాలములందును లేదని మొదట గమనింపవలెను. మన పల్లెలలో తోలుబొమ్మలాట ప్రొద్దుపోయిన తరువాత ప్రారంభమై కోడికూతవరకు సాగెడిది. వీథిభాగవతమును అంతే. మద్దెల మ్రోతయు భాగవతుల గొంతును పొలిమేర దాటి వినవచ్చెడివి. అయినను నిద్ర చెడినదని మొరపెట్టుకొనవలసిన పని అంతగా ఉండెడిది కాదు. ఏలయన ఊరిలో చాలవరకు ఆ పందిరి ముందే చాపలు పరచుకొని కూర్చుండెడివారు. మరునాటి పని అందరికిని ఒక్కసారియే ఆలస్యమయ్యెడిది. ప్రేక్షకులు వేరు, నిద్రించువారు వేరు అయినపుడే తగవు పుట్టును. అట్టి వేర్పాటు మహానగరమున కలుగును. అచట ఒక గోడకు ఈవల వేడుకకు వచ్చిన పరాయివాడు, ఆవల తెల్లవారుజామున పనికి పోవలసిన కాపురస్థుడు ఉందురు. వారిరువురకు ముఖపరిచయము కూడ ఉండదు.

ఈ కథను తెలిసికొనుటకు లండను నగరము తగిన ఉదాహరణము. మద్యమునకును వినోదమునకును అనుమతినిచ్చు పద్ధతి అచట నాలుగు శతాబ్దులకు పైగా అవిచ్ఛిన్నముగా సాగివచ్చినది. అంతేకాక, మన దేశములోని అనుమతిపత్రముల విధానము చాలవరకు ఆ చట్టముల ఒరవడినే అనుసరించినది.

1552వ సంవత్సరమున, ఆరవ ఎడ్వర్డు రాజు కాలమున, సారాయంగడి నడుపదలచినవాడు ఇద్దరు శాంతిన్యాయాధికారులనుండి అనుమతి పొందవలెనని శాసనమైనది. దుకాణదారుడు సద్వర్తనమునకు పూచీ వ్రాసి యీయవలెను. ఇచట శాంతి యను మాటకు రాజ్యశాంతి యనియే అర్థము. ఇరుగుపొరుగువారి నెమ్మది అని కాదు. జూదము, దొంగతనము, దొమ్మి - ఇవియే ఆ న్యాయాధికారుల చింత.

రెండు శతాబ్దుల తరువాత, 1751లో, సంగీతనృత్యముల వంతు వచ్చినది. లండను, వెస్ట్‌మినిస్టరు నగరములలోను, వాని చుట్టును 20 మైళ్ల మేరను, బహిరంగముగా సంగీతము, నృత్యము లేక ఇతర వినోదము జరుపు ఏ ఇల్లైనను, గదియైనను, తోటయైనను అనుమతి పొందవలెనని పార్లమెంటు శాసించెను. అనుమతి కలదని తలుపుమీద పెద్దయక్షరములతో వ్రాయింపవలెను. ఆ చట్టములో నొక విశేషమున్నది. సాయంకాలము 5 గంటలకు ముందు శాలను తెరువరాదని అది స్పష్టముగా నిషేధించినది. ఈ విచిత్రమునకు కారణము లేకపోలేదు. బీదజనులు వేడుకలకు మరగి పని మానుదురని, ధనము చాలక దోపిడీలకు దిగుదురని ఆనాటి పాలకులు భయపడిరి. నవలాకారుడును, న్యాయాధికారియునైన హెన్రీ ఫీల్డింగు దొంగతనములు పెరుగుటకు గల కారణములను గూర్చి అదే యేట ప్రకటించిన గ్రంథములో ఈ వాదమునే చేసెను. పగటిపని చెడకుండుట వారికి ముఖ్యము. పొరుగువాని రాత్రినిద్ర ఆ వాదమున ఎచటను లేదు.

పందొమ్మిదవ శతాబ్దిలో చట్టము కొంతకాలము పూర్తిగా ఎదురుదారి పట్టినది. 1830 నాటి బీరుచట్టము ననుసరించి, పన్ను చెల్లించు ఏ గృహస్థుడైనను రెండు గినీలు కట్టి, న్యాయాధికారుల ప్రమేయము లేకుండ, బీరు దుకాణము తెరువవచ్చును. ఆరు నెలలలో సుమారు 24 వేల దుకాణములు వెలసినవి. ఆ స్వేచ్ఛను మరల న్యాయాధికారుల అదుపులోనికి తెచ్చుటకు 1869 వరకు పట్టినది. ఈలోగా మూయువేళను గూర్చిన చట్టములు వచ్చినవి. 1864లో లండను మద్యశాలలు రాత్రి 1 గంట నుండి 4 గంటల వరకు మూయవలెననిరి; 1872లో ఆ హద్దును అర్ధరాత్రికి జరిపిరి. వీని వలన పొరుగువారికి కొంత నిద్ర దక్కినమాట నిజమే. కాని అది చట్టము కోరి యిచ్చిన వరము కాదు. త్రాగుడును తగ్గింపబోగా కలిగిన అనుషంగిక ఫలము.

నిద్రకును నెమ్మదికిని మొదటిసారి గట్టిగా గొంతెత్తినవారు పండితులును రచయితలును. గణనయంత్రములను ఊహించిన గణితవేత్త చార్లెసు బాబేజి డార్సెట్ వీథిలో నివసించెడివాడు. తన కార్యశక్తిలో నాలుగవవంతు వీథివాద్యకారులవలననే నశించినదని ఆయన 1864లో ప్రకటించిన తన ఆత్మకథలో మొరపెట్టుకొనెను. థామసు కార్లైలు కోళ్లకూతలకును పియానో మోతలకును తాళలేక ఇంటిపైన చప్పుడు చొరరాని గది కట్టించుకొనెను; అయినను ఆ గదిలోనికి చప్పుడు చొచ్చుచునే యుండెను. చార్లెసు డికెన్సు, టెన్నిసను, కార్లైలు మొదలగువారు చేవ్రాళ్లు చేసిన విజ్ఞప్తి నాధారము చేసికొని పార్లమెంటు సభ్యుడు మైకేలు బాసు 1864లో వీథిసంగీత చట్టమును నెగ్గించెను. గృహస్థుడు జబ్బు కారణముగాగాని, తన పనికి భంగము కలిగినందునగాని, మరి తగిన హేతువుచేతగాని వాద్యకారుని అచటనుండి పొమ్మని కోరవచ్చునని ఆ చట్టము హక్కు నిచ్చినది. పొరుగువాని మాటకు చట్టబలము కలుగుట ఇదియే. ఈ నిశ్శబ్దమును సంపాదించి యిచ్చిన బాసుగారి కుటుంబము బర్టను పట్టణమున బీరు తయారీకి పేరుమోసినదగుట గమనింపదగినది.

కాని ఆ చట్టమునకు రెండవ ముఖము కలదు. వీథులలో చేతియార్గను త్రిప్పుకొని పొట్టపోసికొనువారిలో పెక్కురు ఇటలీ నుండి వచ్చిన నిరుపేదలు. వారి పాట కొందరు పిల్లలకును పనివారికిని దొరకిన ఒకే ఒక వినోదము. చదువుగది గలవాని నెమ్మదికై వారి జీవనోపాధి కుదించుకొనిపోయినది. బాబేజిపై కోపించిన జనులు ఆయన ఇంటిముందు కావలెనని రేకుబూరలు ఊదుచు వెంబడించిరి. చట్టము ఒక పక్షమునకు హక్కునిచ్చి రెండవ పక్షమునకు చోటు చూపనిచో తగవు తీరదు, రూపుమారునని ఈ సంఘటన తెలుపుచున్నది.

1879లో ఒక న్యాయస్థానము ఈ సమస్యకు మూలమైన ప్రశ్నను విచారించినది. విగ్మోర్ వీథిలో మిఠాయిలు చేయువాడొకడు 20 సంవత్సరములకు మించి తన వంటశాలలో పెద్దరోళ్లు పెట్టి దంచుకొనుచుండెను. వెనుకయింటి వైద్యుడు ఆ గోడ నానుకొని రోగులను పరీక్షించు గదిని క్రొత్తగా కట్టుకొనెను. రోగి గుండెచప్పుడు విననెంచిన వైద్యునకు రోకటిచప్పుడు వినబడసాగినది. ముందుగా ఉన్నవాడు మిఠాయివాడు. వెనుక వచ్చినది వైద్యుని గది. అయినను స్టర్జెస్ - బ్రిడ్జ్‌మన్ వ్యాజ్యమని ప్రసిద్ధిగాంచిన ఆ అభియోగమున వైద్యుడే గెలిచెను. పీడ ఉన్నచోటికి తానే వచ్చినాడన్నది సమాధానము కాదని న్యాయస్థానము పలికెను. ఆ తీర్పులోనే మరియొక సూత్రము కలదు: ఏది ఉపద్రవమో ఆ చోటును బట్టి నిర్ణయింపవలెను, ధనికుల బెల్‌గ్రేవ్ చౌకమున ఉపద్రవమైనది తోళ్లపరిశ్రమకు నెలవైన బెర్మాండ్సీలో ఉపద్రవము కాకపోవచ్చును. న్యాయశాస్త్రమున ఇది యుక్తమైన మాటయే. అయినను బీదపేటలో కాపురముండువాని నిద్రకు విలువ తక్కువయను భావమునకు ఇది దారి తీయగలదను సంగతిని మనము మరువరాదు.

ఇరువదవ శతాబ్దిలో యుద్ధము వచ్చి గడియారమును మరింత వెనుకకు త్రిప్పినది. 1914కు ముందు లండను మద్యశాలలు తెల్లవారుజాము 5 గంటలనుండి అర్ధరాత్రి దాటి అరగంటవరకు తెరచియుండవచ్చును. ఆయుధకర్మాగారములలో పని చెడరాదని 1915 నుండి ఆ కాలమును పెక్కు ప్రాంతములలో దినమునకు అయిదున్నర గంటలకు కుదించిరి. 1921 చట్టము మధ్యాహ్నపు విరామమును, రాత్రి మూయువేళను శాశ్వతము చేసినది. మధ్యాహ్నపు విరామము 1988లో తొలగినది. రాత్రి 11 గంటల హద్దు మాత్రము చాలవరకు నిలిచినది. ఆ హద్దు వలన ఒక చిక్కు ఏర్పడినది. గంట కొట్టగానే వీథిలోని శాలలన్నియు ఒక్కమారు మూతపడెడివి. త్వరత్వరగా చివరిగ్లాసు ముగించినవారందరు ఒక్కమారు వీథిలో పడెడివారు. అదే బండి, అదే తినుబండారముల అంగడి, అదే మలుపు అందరికిని కావలసివచ్చెడివి. కేకలును, కొట్లాటలును ఆ అరగంటలోనే ఎక్కువ.

ఈ ఇబ్బందిని దృష్టియందుంచుకొని ఇంగ్లండు, వేల్సులకు 2003లో క్రొత్త చట్టము చేసిరి. అది 2005 నవంబరు 24న అమలులోనికి వచ్చినది. మద్యమునకు న్యాయాధికారులు, వినోదమునకు పురపాలక సంఘములు వేర్వేరుగా అనుమతు లిచ్చు పూర్వపద్ధతి పోయి, రెండును స్థానిక సంఘముల చేతికి వచ్చినవి. అందరికిని ఒకే మూయువేళ అను నియమము పోయినది. దాని స్థానమున నాలుగు లక్ష్యములు నిలిచినవి: నేరములను, అల్లరిని అరికట్టుట, ప్రజల క్షేమము, ప్రజోపద్రవ నివారణము, బాలబాలికలకు హాని కలుగకుండుట. ఉపద్రవ నివారణము మూలలక్ష్యములలో నొకటిగా చట్టమున వ్రాయబడుటతో నిద్రపోవువాడు సభలో పీఠము సంపాదించినట్లైనది.

ఆ పీఠము ఎట్టిదో చూతము. అనుమతి కోరువాడు తన గుమ్మమునకు లేతనీలి కాగితముపై ప్రకటన అంటించి 28 దినములు ఉంచవలెను. ఆ గడువులో ఎవరైన అభ్యంతరము తెలిపినచో సంఘము విచారణ జరుపవలెను. ఎవరును తెలుపనిచో అనుమతి ఈయక తప్పదు. మౌనము అంగీకారమని చట్టమే చెప్పుచున్నదన్నమాట. మొదట శాలకు సమీపమున నున్నవారే అభ్యంతరము చెప్పవలెనని నియమముండెడిది. 2011 చట్టము ఆ దూరపు లెక్కను తొలగించినది. ఆ చట్టముననే అర్ధరాత్రినుండి ఉదయము 6 గంటలవరకు మద్యవిక్రయమును ఆపు ఉత్తర్వులకును, రాత్రి వ్యాపారముపై ప్రత్యేక సుంకమునకును వీలు కల్పించిరి. ఒక్కొక్క శాలను విడిగా చూచిన తప్పుకనబడకపోయినను, ఒకే వీథిలో ఇరువది శాలలు చేరినచో వచ్చు కీడు వేరు. వెస్టుమినిస్టరు సంఘము సోహో మొదలగు పేటల విషయమున ఈ సముదాయఫలమును లెక్కించు విధానమును చాలకాలముగా పాటించుచున్నది. 2018లో దానికి చట్టపు ఆధారము కూడ లభించినది. మద్యశాలలు గుమిగూడరాదన్న కౌటిల్యుని మాటయే ఇచట క్రొత్తవేషమున ప్రత్యక్షమైనది.

అనుమతిపత్రముల షరతులు చదివినచో ఉపద్రవ మనునది ఎంత చిన్నచిన్న పనులలో దాగియున్నదో తెలియును. సంగీతములోని మంద్రధ్వనులు గోడలను, పునాదులను పట్టుకొని ప్రాకును. కిటికీ మూసినను అవి ఆగవు. అందుచే ధ్వనివర్ధకమునకు హద్దుపెట్టు యంత్రమును, ఒకటి మూసినగాని రెండవది తెరువరాని జంటతలుపులను అమర్చుమందురు. ఖాళీ సీసాలను రాత్రివేళ తొట్టెలలో కుమ్మరింపరాదందురు. మెల్లగా ఇంటికి పొండని గుమ్మమున బోర్డు కట్టుమందురు. 2007 జూలైలో మూసిన చోట్ల పొగత్రాగుట నిషిద్ధమైనపుడు త్రాగువారందరు శాలవదలి కాలిబాటపైకి వచ్చిరి. ఆరోగ్యమునకై చేసిన చట్టము చప్పుడును లోపలినుండి బయటికి తెచ్చినది. పడకగదిలో రాత్రి సగటుధ్వని 30 డెసిబెళ్లు మించకుండుట మేలని ప్రపంచారోగ్య సంస్థ 1999లో సూచించినది. కాలిబాటపై నలుగురి నవ్వుతో ఆ హద్దు దాటిపోవును.

రెండవ పక్షము వాదమును న్యాయముగా వినవలెను. స్టర్జెస్ వ్యాజ్యపు సూత్రము వలన, ఏండ్లతరబడి పాట సాగిన శాలప్రక్క నిన్న కట్టిన మేడలో నేడు దిగినవాడు రేపు దానిని మూయింపవచ్చును. గాయకులు తొలిపాట పాడి పేరు తెచ్చుకొను చిన్నశాలలే ఇందు ముందుగా దెబ్బతినును. లండనులో 1991లో స్థాపితమైన మినిస్ట్రీ ఆఫ్ సౌండ్ అను నృత్యశాల యెదుట పెద్ద గృహసముదాయమును కట్టదలచినపుడు ఈ భయమే కలిగినది. 2014లో ఒక ఒడంబడిక కుదిరినది: క్రొత్త ఇండ్లలో దిగువారు ఆ శాల చప్పుడు అచట ఉండు హక్కును ముందే అంగీకరింపవలెను. ఆ సంవత్సరముననే ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము, మార్పు తెచ్చినవాడే దాని భారము వహింపవలెనను నియమమును పట్టణనిర్మాణ విధానములో చేర్చినది. శాలప్రక్క ఇండ్లు కట్టువాడు గోడలను దట్టముగా కట్టవలెను. ఇండ్లనడుమ శాల తెరచువాడు తన చప్పుడును తానే బంధింపవలెను. ఇంగ్లండు 2018లో దీనినే జాతీయ విధానమున చేర్చుకొనినది. ఆంస్టర్‌డాము నగరమున రాత్రి వ్యవహారములకు ప్రత్యేకముగా ఒక రాత్రిమేయరు ఏర్పడి, నగరమధ్యమునకు దూరమున నున్న కొన్ని శాలలకు 24 గంటల అనుమతు లిచ్చుటకు తోడ్పడెను. 1879 నాటి తీర్పు ఎవరు గెలిచిరో చెప్పినది. ఈ పద్ధతులు గోడ ఖర్చు ఎవరిదో ముందే చెప్పుచున్నవి.

ఇక మన సంగతి. తెలుగుదేశమున మద్యమును గూర్చిన వాదము తీవ్రముగా జరిగినది. 1954లో ఆంధ్రరాష్ట్ర ప్రథమ మంత్రివర్గము పడిపోయినది మద్యనిషేధపు చర్చలోనే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన సారా వ్యతిరేకోద్యమము 1993లో సారా నిషేధమునకు, 1995లో సంపూర్ణ నిషేధమునకు దారితీసినది. 1997లో ఆ నిషేధము సడలినది. ఈ వాదములలో ఉండవలెనా వలదా అన్నదే ప్రశ్న. ఏ వేళవరకు, ఎవరి గోడప్రక్క, ఎంత చప్పుడుతో అను నడిమి ప్రశ్న మరుగున పడినది. మద్యపుటనుమతి ఆబ్కారీశాఖది, ఆ శాఖకు ఆదాయము ప్రధానము. దేవాలయమునకు, విద్యాలయమునకు ఇంతదూరమున శాల ఉండవలెనని నియమములు కలవు. పడకగదికి ఎంతదూరమని కొలుచు నియమము కనబడదు.

ధ్వనివిషయమున మాత్రము జాతీయ నియమములు 2000లో వచ్చినవి. రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు రాత్రి; నివాసప్రాంతమున ఆ వేళ హద్దు 45 డెసిబెళ్లు. పండుగలకును, సాంస్కృతికోత్సవములకును ఏటా 15 దినములకు మించకుండ అర్ధరాత్రివరకు రాష్ట్రప్రభుత్వము సడలింపు నీయవచ్చును. కౌటిల్యుని నాలుగు దినముల సంప్రదాయము ఇందు జ్ఞప్తికి వచ్చును. చప్పుడు బాధ లేక నెమ్మదిగా బ్రతుకుట జీవించు హక్కులో భాగమను దృష్టితో సర్వోన్నత న్యాయస్థానము 2005 జూలైలో ఈ నియమములను దృఢపరచినది. హైదరాబాదులో జూబిలీహిల్సు నివాసులు పబ్బుల మోతపై ఉన్నతన్యాయస్థానము నాశ్రయింపగా, రాత్రి 10 దాటిన తరువాత పెద్దసంగీతము కూడదని 2022లో ఉత్తర్వైనది. అది వారికి ఊరట. కాని న్యాయస్థానపు గుమ్మమెక్కుటకు ధనమును, తీరికయు, వకీలును కావలెను. బస్తీలో ఒంటిగది యింట, వైనుషాపు వెలుపల రాత్రి పదకొండింటికి జరుగు గలభా వినుచు పసిబిడ్డను జోకొట్టు తల్లికి అవి లేవు. బెల్‌గ్రేవ్ చౌకము, బెర్మాండ్సీల భేదము మనవద్దను కలదు.

చరిత్ర మనకు చూపు మార్గము ఇంతమాత్రము. నగరము రాత్రిపూట నవ్వరాదని ఎవరును అనజాలరు. వంటవాడు, వాద్యకాడు, బండి తోలువాడు ఆ నవ్వుమీద బ్రతుకుచున్నారు. నవ్వువానికిని నిద్రించువానికిని న్యాయము జరుగవలెనన్నచో, తగవు వచ్చిన పిమ్మట కాక అనుమతి ఇచ్చుటకు ముందే ఇరువురను ఒకచోట కూర్చుండబెట్టవలెను. శాల తెరువబోవువాని గుమ్మమున, ఆ వీథివారు చదువగలుగునట్లు, తెలుగున ప్రకటన ఉండవలెను. వారి మాట వినుటకు, పనివదలుకొననక్కరలేని వేళ విచారణ జరుగవలెను. ఒకసారి నిర్ణయమైన వేళను వ్యాపారియు, పొరుగువాడును కూడ గౌరవింపవలెను. తూర్యము ఊదించుటకు ఒక్క నాగరికుడు చాలును. అది ఎన్ని నాళికలకు మ్రోగవలెనో నిర్ణయించుటకు మాత్రము వీథివారందరు కావలెను.